ఎడ్వర్డ్ కెండాల్

మానవుని కంఠమున, ఊపిరి గొట్టమునకు ముందుభాగమున, రెక్కలు విప్పిన సీతాకోకచిలుకవలె నుండు చిన్న గ్రంథి యొకటి కలదు. దానిని థైరాయిడు గ్రంథి యందురు. అవటు గ్రంథి యనియు దానికి పేరు. ఆకారమున చిన్నదైనను దాని పని గొప్పది. అది రక్తములోనికి విడుచు హార్మోను వలననే శరీరములోని కణములన్నియు తగిన వేగముతో తమ పనులను నెరవేర్చుకొనుచున్నవి. పొయ్యిలో మంట తగ్గినచో కుండలోని బియ్యము ఉడుకనట్లు, ఆ గ్రంథి మందగించినచో శరీరమంతయు మందగించును. ఇతరులకు ఉక్కపోయు వేళ రోగికి చలివేయును. ముఖము ఉబ్బును. చర్మము ఎండి గరుకగును. జుట్టు రాలును. మాట ముద్దగా వచ్చును. జ్ఞాపకశక్తి సన్నగిల్లును. పుట్టుకతోనే ఈ లోపము కలిగి చికిత్స లేకున్నచో బిడ్డ యెదుగుదలయు బుద్ధివికాసమును కుంటుపడును. 19వ శతాబ్దము చివరి భాగము వరకు ఈ వ్యాధికి మందే లేకుండెను. మందు దొరకిన తరువాత కూడ అది కొలతకు లొంగక వైద్యులను చాల కాలము చిక్కులు పెట్టెను. ఆ మందులోని సారమును శుద్ధరూపమున మొట్టమొదట లోకమునకు చూపిన వాడు ఎడ్వర్డ్ కాల్విన్ కెండాల్.

కెండాల్ 1886 మార్చి 8వ తేదీన అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున సౌత్ నార్వాక్ అను పట్టణమున జన్మించెను. ఆయన తండ్రి దంతవైద్యుడు. కెండాల్ న్యూయార్కు నగరములోని కొలంబియా విశ్వవిద్యాలయమున రసాయన శాస్త్రమును అభ్యసించి, 1910లో డాక్టరు పట్టమును పొందెను. ఆ సంవత్సరమే డెట్రాయిట్ నగరమున పార్క్ డేవిస్ అను ఔషధ సంస్థలో చేరెను. థైరాయిడు గ్రంథిలోని సారమును వేరుచేయు పని అచట ఆయనకు అప్పగింపబడెను. ఆ కొలువున ఆయన కొన్ని మాసములే యుండెను. కాని అచట చేపట్టిన ప్రశ్నను మాత్రము విడువలేదు.

ఆ ప్రశ్న ఎట్లు పుట్టినదో తెలియవలెనన్నచో కొంత వెనుకకు పోవలెను. 1891లో ఇంగ్లండు దేశపు న్యూకాసిల్ నగరమున జార్జి మర్రే అను యువవైద్యుడు, థైరాయిడు చెడి మంచము పట్టదగిన స్థితిలోనున్న 46 ఏండ్ల స్త్రీకి చికిత్స నారంభించెను. గొర్రెల థైరాయిడు గ్రంథులనుండి తీసిన రసమును ఆమెకు సూదిద్వారా ఎక్కించెను. కొన్ని మాసములలో ఆమె ముఖపు వాపు తగ్గెను. నడకయు మాటయు చక్కబడెను. ఈ మందు నోటిద్వారా ఇచ్చినను పనిచేయునని మరుసటి సంవత్సరమే వైద్యులు కనుగొనిరి. ఆ రోగి మరి 28 సంవత్సరములు సుఖముగా జీవించి, 74వ ఏట మరణించెను. ఆమెకు కావలసిన మందును సమకూర్చుటకు మొత్తముమీద 870కి పైగా గొర్రెల గ్రంథులు అవసరమయ్యెను.

ఇది గొప్ప విజయమే. అయినను దానిలో పెద్ద చిక్కు ఒకటి యుండెను. గొర్రె గ్రంథులను, పంది గ్రంథులను ఎండబెట్టి, పొడిచేసి, బిళ్లలుగా కట్టి అమ్ముచుండిరి. జంతువు మేసిన మేతను బట్టియు, ఋతువును బట్టియు ఆ పొడిలోని సారము మారుచుండెను. ఒకే బరువు గల రెండు బిళ్లలకు ఒకే బలముండునను నమ్మకము లేదు. మందు చాలనిచో వ్యాధి తిరిగి తల యెత్తును. మితిమీరినచో గుండె దడదడ కొట్టుకొనును, చేతులు వణకును, రోగి చిక్కిపోవును. ఎంత ఇచ్చుచున్నదియు వైద్యునికే తెలియనప్పుడు సరియైన మోతాదును నిర్ణయించు టెట్లు? గ్రంథిలో మందుగా పనిచేయు పదార్థమేదో కనుగొని, దానిని మాత్రమే వేరుచేసి, తూచి యిచ్చిననేగాని ఈ చిక్కు తీరదు. దీనికి ఒక ఆధారము అప్పటికే దొరకి యుండెను. 1895లో జర్మనీ దేశమున యూజెన్ బౌమన్ అను రసాయన శాస్త్రవేత్త థైరాయిడు గ్రంథిలో అయొడిన్ కలదని కనిపెట్టెను.

కెండాల్ ఈ ఆధారమునే చేతిదీపముగా పట్టుకొనెను. 1911లో ఆయన న్యూయార్కులోని సెయింట్ లూక్స్ ఆసుపత్రిలో చేరి పరిశోధన సాగించెను. 1914 ఫిబ్రవరిలో మిన్నెసోటా రాష్ట్రమందలి రాచెస్టరు పట్టణమునకు వచ్చి మేయో వైద్యశాలలో చేరెను. ఆ ప్రాంతపు నేలలోను నీటిలోను అయొడిన్ తక్కువ. అందువలన అచట గళగండము, అనగా గొంతువాపు, కలవారు పెక్కుమంది యుండిరి. థైరాయిడు రోగులకు చికిత్స చేయుటలో ఆ వైద్యశాల అప్పటికే పేరుగాంచెను. పరిశోధకునికి అంతకంటె తగిన చోటు దొరకుట యరుదు.

ఆయన పని యిసుకను కడిగి బంగారమును తీయువాని పనివంటిది. గ్రంథులను క్షారద్రావణములో ఉడికించి, ఆమ్లము కలుపును. కొంత భాగము అడుగున పేరుకొనును. కొంత భాగము నీటిలో నిలుచును. ఏ భాగమున అయొడిన్ పాలు ఎక్కువగా నున్నదో దానిని ఉంచుకొని, తక్కినదానిని పారబోయును. ఉంచుకొనిన దానిని మరల కరగించి, మరల వేరుచేసి, మరల కొలుచును. ఇట్లు ఒక్కొక్క మెట్టున అయొడిన్ పాలు హెచ్చుచుండెను. కాని శుద్ధపదార్థపు గుర్తగు స్ఫటికములు మాత్రము కానరాకుండెను.

1914 డిసెంబరు మాసమున ఒకనాటి రాత్రి కెండాల్ తన ప్రయోగశాలలో ఒంటరిగా పనిచేయుచుండెను. గ్రంథిసారము కరగియున్న ఆల్కహాలును వేడిమీద ఉంచి, కొంత ఆవిరి కానిచ్చి తీయవలెనని ఆయన తలంపు. కాని అలసటచే కన్నంటుకొనెను. మెలకువ వచ్చి చూచునప్పటికి ఆల్కహాలంతయు ఇగిరిపోయి, పాత్ర యడుగున తెల్లని పొర మిగిలి యుండెను. మరియొకడైనచో పని చెడినదని ఆ పాత్రను కడిగివేసి యుండును. కెండాల్ ఆ పొరపై మరల ఆల్కహాలు పోసెను. తెల్లని పదార్థము కరగలేదు. దానిని పరీక్షింపగా అయొడిన్ నూటికి 60 పాళ్ల వరకు కానవచ్చెను. అంత హెచ్చు పాలు అంతకుముందు ఏ భాగమునను ఆయనకు దొరకి యుండలేదు. డిసెంబరు 25వ తేదీన, క్రిస్మసు పండుగనాడు, ఆ పదార్థమును కొలదిపాటి క్షారముతో ఆల్కహాలున కరగించి ఆమ్లము కలుపగా, సన్నని స్ఫటికములు ఏర్పడెను. అప్పటికి ఆయన వయస్సు 28 సంవత్సరములు. ఆ పదార్థమునకే తరువాత థైరాక్సిన్ అను పేరు కలిగెను.

ఒక పాత్రలో కొలదిపాటి స్ఫటికములను చూచుట వేరు; రోగులకు చాలినంత మందును సిద్ధపరచుట వేరు. కబేళాలనుండి తెప్పించిన పందుల థైరాయిడు గ్రంథులను సుమారు 3 టన్నుల వరకు ఉడికించి శుద్ధిచేయగా, కెండాల్‌కు దక్కిన థైరాక్సిన్ సుమారు 33 గ్రాములు మాత్రమే. ఆ కొలదిపాటి పదార్థమే వైద్యశాస్త్రమునకు కొత్త కొలబద్ద యయ్యెను. మేయో వైద్యశాలలోని హెన్రీ ప్లమ్మర్ అను వైద్యుడు దానిని రోగుల కిచ్చి, వారి దేహము ప్రాణవాయువును వినియోగించు వేగమును కొలిచి, మందు యొక్క ప్రభావమును పరిశీలించెను. ఉబ్బిన ముఖములతో, మందగించిన మనస్సులతో వచ్చిన రోగులు మిల్లీగ్రాములలో తూచి యిచ్చిన మందుతో తేరుకొనిరి. ఇంత మందునకు ఇంత ఫలమని చెప్పుట అప్పుడే సాధ్యమయ్యెను.

అయినను కెండాల్ విజయములో ఒక లోపము మిగిలెను. థైరాక్సిన్ అణువు నిర్మాణమును ఆయన సరిగా ఊహింపలేకపోయెను. అందు మూడు అయొడిన్ పరమాణువులు కలవని తలచి, ఒక నిర్మాణమును ప్రకటించెను. ఆ నిర్మాణము ప్రకారము థైరాక్సిన్‌ను ప్రయోగశాలలో తయారుచేయుటకు చేసిన ప్రయత్నములు ఫలింపలేదు. 1926లో లండను నగరమున చార్లెస్ హారింగ్టన్ అను శాస్త్రవేత్త ఆ నిర్మాణము సరికాదనియు, అందున్నవి నాలుగు అయొడిన్ పరమాణువులనియు నిరూపించెను. మరుసటి సంవత్సరము జార్జి బార్జరుతో కలిసి, గ్రంథుల అవసరము లేకుండ, రసాయనములనుండియే థైరాక్సిన్‌ను సృష్టించెను. మూడు టన్నులు కాదు, తొంబది టన్నులు ఉడికించినను దొరకనంత మందు ఇక కర్మాగారములలో తయారుకాగల మార్గము ఏర్పడెను. ఒకడు తవ్విన బావికి మరియొకడు మెట్లు కట్టినట్లయ్యెను.

తాను పెక్కేండ్లు పాటుపడిన విషయమున తుదిమాట మరియొకరిదైనను కెండాల్ క్రుంగిపోలేదు. ఆయన దృష్టి మూత్రపిండములపై టోపీలవలె నుండు అడ్రినల్ గ్రంథులవైపు మరలెను. పూర్వపు పద్ధతిలోనే టన్నులకొలది పశువుల గ్రంథులను శుద్ధిచేసి, వానిలోని పదార్థములను ఒక్కొక్కదానిని వేరుచేసెను. అట్లు దొరకిన వానిలో ఒకదానికి తరువాత కార్టిసోన్ అను పేరు కలిగెను. 1948 సెప్టెంబరులో మేయో వైద్యశాలలోనే ఫిలిప్ హెంచ్ అను వైద్యుడు దానిని కీళ్లవాతముతో కదలలేకున్న రోగి కిచ్చెను. కొన్ని దినములలోనే రోగి లేచి నడువగల్గెను. 1950లో కెండాల్, హెంచ్, స్విట్జర్లాండు శాస్త్రవేత్త టాడియస్ రైక్‌స్టైన్ మువ్వురకును వైద్యశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను.

థైరాక్సిన్ కథ మాత్రము అంతటితో ముగియలేదు. శుద్ధ థైరాక్సిన్ నోటిద్వారా ఇచ్చినచో సరిగా ఒంటబట్టకుండెను. వెలయు ఎక్కువ. అందువలన ఎండబెట్టిన గ్రంథుల పొడియే చాలకాలము వాడుకలో నిలిచెను. 1950 ప్రాంతమున థైరాక్సిన్ యొక్క సోడియం లవణము బిళ్లలుగా వచ్చిన పిమ్మట ఈ చిక్కు తొలగెను. 1952లో జాక్ గ్రాస్, రోసాలిండ్ పిట్ రివర్స్ అను నిరువురు థైరాయిడు గ్రంథికి చెందిన రెండవ హార్మోనును కనుగొనిరి. దానిలో అయొడిన్ పరమాణువులు మూడే. దాని బలము థైరాక్సిన్ కంటె హెచ్చు. అట్లయిన రోగికి రెండు మందులును ఇయ్యవలెనా అను సందేహము పుట్టెను. థైరాక్సిన్‌లోని ఒక అయొడిన్ పరమాణువును తీసివేసి, రెండవ హార్మోనును శరీరమే తయారుచేసుకొనునని 1970లో తేలెను. నేడు ఈ వ్యాధిగలవారిలో అధికసంఖ్యాకులకు థైరాక్సిన్ ఒక్కటియే చాలుచున్నది.

దాని మోతాదు నేడు మైక్రోగ్రాములలో, అనగా గ్రాములో పదిలక్షల వంతులలో, కొలువబడుచున్నది. మందు శరీరమున నిలకడకు వచ్చుటకు కొన్ని వారములు పట్టును. కావున వైద్యులు సుమారు ఆరు వారములు ఆగి, రక్తమును పరీక్షించి, మోతాదును కొంచెము పెంచుటయో తగ్గించుటయో చేయుదురు. తొందరపడి తమంతట తామే మందును మార్చుకొనువారికి మేలు కలుగదు. పుట్టిన కొలదిదినములలోనే రక్తపరీక్ష చేసి, లోపము గల శిశువులకు ఈ మందు నిచ్చినచో, వారు తక్కిన పిల్లలవలెనే ఎదిగి చదువుకొనగల్గుచున్నారు.

కెండాల్ 1951లో మేయో వైద్యశాలనుండి విరమించి, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున పరిశోధన కొనసాగించెను. 1972 మే 4వ తేదీన, 86వ ఏట, ఆయన పరమపదించెను. ఒకప్పుడు ఒక్క స్త్రీ ప్రాణము నిలుపుటకు 870కి పైగా గొర్రెలు కావలసివచ్చెను. నేడు గోరంత బిళ్ల యొకటి ప్రతి ఉదయమున పరగడుపున గ్రుక్కెడు నీటితో మ్రింగి, కోట్లకొలది జనులు తమ పనులకు పోవుచున్నారు. వారిలో పెక్కుమందికి కెండాల్ పేరు తెలియదు. ఇగిరిపోయిన పాత్రను పారవేయక పరీక్షించి చూచిన ఆ రాత్రి ఫలము మాత్రము వారందరికిని అందుచున్నది.