ఆకులో దాగిన ఆయువు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

రొమ్ము కాన్సరు ఏ స్త్రీకి వచ్చును, ఏ స్త్రీకి రాదు అను ప్రశ్న మిక్కిలి పాతది. మఠములందలి సన్యాసినులలో ఈ వ్యాధి తక్కిన స్త్రీలలోకంటె అధికముగా నుండుటను ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డినో రమజ్జినీ 1713 నాటికే గమనించి వ్రాసియుండెను. 1926లో ఇంగ్లండునందు జానెట్ లేన్-క్లేపన్ అను వైద్యురాలు, వ్యాధి గల 500 మంది స్త్రీలను, వ్యాధి లేని 500 మంది స్త్రీలను ఎన్నుకొని, వారి వివాహ వయస్సు, కన్న బిడ్డల సంఖ్య, పాలిచ్చిన కాలము మొదలగువానిని సరిపోల్చి చూచెను. ఆలస్యముగా పెండ్లియైనవారికిని, బిడ్డలు తక్కువైనవారికిని ముప్పు హెచ్చని ఆమె లెక్కలలో తేలెను. తినెడు తిండికిని ఈ వ్యాధికిని గల సంబంధము మాత్రము ఇంకను చీకటిలోనే యుండెను.

ఆ కాలముననే అట్లాంటిక్ మహాసముద్రమునకు ఆవలి యొడ్డున, బోస్టను నగరములోని ప్రయోగశాలలో, భీమవరపు తెలుగువాడొకడు రక్తములోని భాస్వరమును కొలుచుచుండెను. అతనికి రొమ్ము కాన్సరుతో అప్పటికి పని లేదు. ఆకుకూరలలోని యొక పదార్థము మూలమున అతని పేరు ఆ వ్యాధి చరిత్రలోనికి రానున్నదని ఎవరును ఊహించియుండరు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము రెవిన్యూ శాఖలో ఉద్యోగి, తల్లి వెంకమ్మ. ఏడుగురు బిడ్డలలో సుబ్బారావు నాలుగవవాడు. భీమవరము నేడు పశ్చిమ గోదావరి జిల్లాకు చెందినను, 1904 మొదలు 1925 వరకు కృష్ణా జిల్లాలో చేరియుండెను. కాబట్టి ఆయన దేశము విడిచిననాటికి ఆ ఊరు కృష్ణా మండలములోనిదే. కొల్లేటికి ఈవల కృష్ణ కాలువలు, ఆవల గోదావరి కాలువలు పారెడి ఆ నేలలో వరికి కొదవ లేదు. ఆ యింట లేమికిని కొదవ లేకుండెను.

పదమూడవ యేట సుబ్బారావు ఇల్లు విడిచి కాశీకి బయలుదేరెను. యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని ఆ బాలుని యూహ. నిడదవోలు చేరునప్పటికే ఇంటివారు పట్టుకొని వెనుకకు తెచ్చిరి. తల్లి అతనిని మరల బడికి పంపెను. 1913లో తండ్రి పోయెను. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు మదరాసు హిందూ హైస్కూలునుండి సుబ్బారావు ఉత్తీర్ణుడయ్యెను. బిడ్డ రెండుమారులు తప్పిన పిమ్మట మూడవమారు బడికి పంపుట ఆ రోజులలో, ఆ స్థితిలో, ఒక వితంతువునకు సామాన్యమైన పని కాదు. సుబ్బారావు చరిత్ర వ్రాయువారు వెంకమ్మగారిని ఒక పంక్తిలో దాటిపోవుట న్యాయము కాదు.

రాజమండ్రినుండి మదరాసు పోవు రైలు బెజవాడవద్ద కృష్ణను దాటును. ఆ వంతెనమీదుగా మదరాసు చేరిన ఈ యువకుడు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచుండగా రామకృష్ణ మఠమువైపు మరలి సన్న్యసింపగోరెను. తల్లి అంగీకరింపలేదు. వైద్యుడై జనులకు సేవచేయుమని పెద్దలు నచ్చచెప్పగా మదరాసు వైద్య కళాశాలలో చేరెను. 1919లో కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరిని వివాహమాడెను. చదువు వ్యయమునకు మామగారే ఆదరువైరి. గాంధీమహాత్ముని పిలుపు విని సుబ్బారావు శస్త్రచికిత్సా తరగతికి ఖద్దరు అంగీతో పోయెను. ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డుకు అది రుచింపలేదు. తక్కిన విషయములలో ఎంత రాణించినను ఎం.బి.బి.యస్. రాక, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తిపడవలసి వచ్చెను.

ఇంతలో ఇంటిమీద పిడుగు పడెను. పురుషోత్తము, కృష్ణమూర్తి అను సోదరులిరువురు కొద్దిదినముల తేడాలో స్ప్రూ అను వ్యాధితో మరణించిరి. మన వైద్యులు సంగ్రహణి యని చెప్పు జాతి వ్యాధి ఇది. నోరు పూయును, విరేచనములు ఆగవు, తిన్నది ఒంటబట్టదు, రక్తము విరిగి రోగి పాలిపోయి, ఎముకలగూడై పోవును. అన్నము నిండుగా నున్న డెల్టా కుటుంబములలో సయితము మనుష్యులు ఆకలిచావు వంటి చావు చచ్చుచుండిరి. సుబ్బారావునకును ఆ వ్యాధియే సోకెను. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో ఆయన బ్రతికి బయటపడెను. తన సోదరులను చంపినదేమో, తన్ను బ్రతికించినదేమో పాశ్చాత్య వైద్యగ్రంథములలో ఆయనకు దొరకలేదు. లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించుచునే విదేశయానమునకు ప్రయత్నించెను. కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి, మామగారు తోడ్పడిరి. 1922 అక్టోబరు 26వ తేదీన బోస్టను చేరెను. భార్యను ఇక్కడనే విడిచిపోయెను. తరువాత పుట్టిన కుమారుడు పసితనముననే పోయెను. తండ్రి ఆ బిడ్డ ముఖము చూడనే లేదు. శేషగిరమ్మగారు మరల భర్తను చూడలేదు. ఆయన గొప్పతనమును చెప్పునప్పుడు ఆమె చెల్లించిన వెలను చెప్పకుండుట అసత్యమునకు దగ్గరగా నుండును.

హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల విద్య నభ్యసించుచు, పొట్టకూటికై ఒక ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు కడిగెను. పిదప సైరస్ ఫిస్కేతో కలసి 1925లో భాస్వరమును కొలుచు పద్ధతిని, 1927లో ఫాస్ఫోక్రియేటినును, 1929లో ఎ.టి.పి.ని ప్రకటించెను. కండరము కదలుటకు కావలసిన శక్తి యెక్కడిదో వీనివలన తెలిసెను. ఒక జీవితమునకు ఇది చాలును. అయినను హార్వర్డు ఆయనకు స్థిరమైన ఆచార్యపదవి నీయలేదు. 1940లో న్యూయార్కు సమీపమున పెర్ల్ రివర్ అను ఊరిలోని లెడర్లీ ఔషధ ప్రయోగశాలలో చేరెను.

అక్కడ ఆయన పాత ప్రశ్న మరల ఎదురయ్యెను. 1931లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు, బొంబాయిలో గర్భిణీ స్త్రీలకు వచ్చు ఒక తీవ్రమైన పాండురోగమును ఈస్టు సారముతో కుదిర్చియుండెను. ఆ సారములోని మేలు ఏమిటో అప్పుడు తెలియలేదు. 1941లో టెక్సాసు శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి సూక్ష్మమాత్రముగ ఒక ద్రవ్యమును తీసి, ఆకు అను అర్థమిచ్చు లాటిన్ పదమునుబట్టి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. టన్నుల కొలది ఆకు ఉడికించి చిటికెడు మందు చేసినచో ఎవరికి చాలును? సుబ్బారావు నాయకత్వమున లెడర్లీ బృందము 1945లో దానిని కృత్రిమముగా నిర్మించెను. మరుసటి యేడు టామ్ స్పైస్ మొదలగు వైద్యులు క్యూబా, ప్యూర్టోరికో దీవులలో స్ప్రూ రోగులకు దీనిని ఇచ్చి చూచిరి. నాలుక మానెను, ఆకలి పుట్టెను, రక్తము పట్టెను. సోదరులు పోయిన యిన్ని యేండ్లకు వారి వ్యాధికి మందు సోదరుని చేతిమీదుగా వచ్చెను.

కథ ఇంతటితో ముగిసినచో అది సుఖాంతమైన పురాణము వలె నుండెడిది. కాని ఫోలిక్ ఆమ్లమునకు రెండవ ముఖము కలదు. దానిని మొదట చూపినది రొమ్ము కాన్సరే.

న్యూయార్కులోని మౌంట్ సైనాయ్ ఆసుపత్రిలో లాయిక్టెన్‌బెర్గర్ దంపతులు, లెవిసోన్ మొదలగువారు 1945లో, రొమ్ము కాన్సరు సహజముగా పుట్టిన ఎలుకలకు ఫోలిక్ ఆమ్ల జాతికి చెందిన పదార్థమును సూదిమందుగా ఇచ్చి, కొన్నిటిలో గడ్డలు కరగిపోయినట్లు ప్రకటించిరి. సూక్ష్మజీవుల పులిసిన ద్రవమునుండి లెడర్లీవారు వేరుచేసిన పదార్థ మది. ఆశ పుట్టెను. అదే పదార్థమును సుబ్బారావు బృందము తయారుచేసి పంపగా, బోస్టనులో పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బర్ కాన్సరు రోగులకు ఇచ్చి చూచెను. లుకేమియా అను రక్తకాన్సరు గల పిల్లలలో వ్యాధి తగ్గుటకు మారుగా విజృంభించినట్లు ఆయనకు తోచెను. ఎలుకలలో శమించినది మనుష్యులలో రగుల్కొనెను! మరియొకడైనచో సిగ్గుపడి ఊరకుండెడివాడు. ఫార్బర్ దీనిని తలక్రిందులుగా ఆలోచించెను. ఫోలిక్ ఆమ్లము వ్యాధికణమునకు మేత యైనచో, ఆ మేతను అడ్డగించు పదార్థము వ్యాధిని మాడ్చవలెను గదా!

అట్టి పదార్థములు లెడర్లీలో సిద్ధమగుచుండెను. తాళమునకు సరిపోవునట్లే కనబడి, లోపల దూరి, త్రిప్పుటకు మాత్రము వీలుకాని దొంగ తాళపుచెవి వంటివి ఇవి. కణము చీలి రెండు కావలెనన్నచో దాని వంశసూత్రమైన డి.ఎన్.ఎ.ను క్రొత్తగా అల్లుకొనవలెను. అందులకు ఫోలిక్ ఆమ్లము కావలెను. దొంగచెవి అడ్డుపడినచో అల్లిక ఆగును. వేగముగా చీలెడు కణము ముందుగా చచ్చును. ఈ జాతిలోని అమినోప్టెరిన్ అను మందును ఫార్బర్ 16 మంది పిల్లలకిచ్చి, 10 మందిలో తాత్కాలికముగా గుణము కనబడెనని 1948 జూనులో ప్రకటించెను. ఆ ఆగస్టులోనే సుబ్బారావు నిద్రలో గుండె ఆగి న్యూయార్కులో మరణించెను. వయస్సు 53. ఇరువదియారేండ్లు అమెరికాలో నుండియు ఆయన ఆ దేశపు పౌరుడు కాలేదు, భారతీయుడుగనే పోయెను.

ఆ మందుకు దగ్గరి చుట్టమైన మెథోట్రెక్సేటు ఆయన తరువాతి కాలమున ప్రసిద్ధికెక్కెను. 1951లో న్యూయార్కు హార్లెమ్ ఆసుపత్రిలో జేన్ రైట్ అను నల్లజాతి వైద్యురాలు, దీనిచే రొమ్ము కాన్సరు రోగులలో గడ్డలు తగ్గుట చూపెను. అంతవరకు ఇట్టి మందులు రక్తకాన్సరులకే పనికివచ్చుననియు, గట్టి గడ్డలకు కత్తియే గతి యనియు తలంపు. 1976లో ఇటలీలోని మిలాను నగరమున జ్యాన్ని బోనడోన్నా, రొమ్ము కాన్సరునకు శస్త్రచికిత్స జరిగి చంకగ్రంథులకు వ్యాధి ప్రాకిన 386 మంది స్త్రీలపై జరిపిన పరీక్షను ప్రకటించెను. కొందరికి కత్తి తరువాత మందు లేదు. తక్కినవారికి మెథోట్రెక్సేటుతోకూడ మూడు మందులు. 27 మాసములకు మందు లేనివారిలో 24 శాతము మందికి వ్యాధి తిరుగబెట్టగా, మందు పుచ్చుకొన్నవారిలో 5.3 శాతమునకే తిరుగబెట్టెను. తరువాత చిరకాలము లోకమంతట రొమ్ము కాన్సరు చికిత్సకు ఈ మూడు మందుల కూర్పు ప్రమాణమై నిలిచెను.

ఇది చికిత్స సంగతి. మొదటి ప్రశ్న ఏమాయెను? లేన్-క్లేపన్ వేసిన బాట వ్యర్థము కాలేదు. 2002లో 30 దేశములలోని 47 పరిశోధనలను ఒక్కచోట చేర్చి లెక్కింపగా, స్త్రీ పాలిచ్చిన ప్రతి పండ్రెండు మాసములకును రొమ్ము కాన్సరు ముప్పు 4.3 శాతము చొప్పున తగ్గుననియు, ప్రతి కాన్పుతో మరి 7 శాతము తగ్గుననియు తేలెను. మద్యము, ముట్లుడిగిన పిమ్మట స్థూలకాయము, శరీరశ్రమ లేమి ముప్పును పెంచును. కొన్ని వంశములలో జన్యువులే దానిని మోసికొని వచ్చును.

ఇక ఆహారము. సుబ్బారావు పదునెనిమిదేండ్లు పనిచేసిన బోస్టనులోనే 1976లో 1,21,700 మంది నర్సుల ఆరోగ్యమును ఏండ్ల తరబడి కనిపెట్టుచు వచ్చు పరిశోధన మొదలాయెను. వారిలో 88,818 మంది ఏమి తినిరో, ఏమి త్రాగిరో పదునారేండ్లు నమోదుచేసి 1999లో ఫలితము ప్రకటించిరి. ఫోలిక్ ఆమ్లపు జాతి పోషకము ఎక్కువ తిన్నంతమాత్రమున అందరిలోను రొమ్ము కాన్సరు తగ్గలేదు. కాని దినమునకు 15 గ్రాములు, అంతకు మించి మద్యము పుచ్చుకొను స్త్రీలలో, ఆ పోషకము సమృద్ధిగా నున్నవారికి ముప్పు తక్కువగా నుండెను. మద్యము శరీరములో ఆ పోషకమునకు విరోధి కావుననే యిట్లు జరుగునని వారి యూహ. తరువాతి పరిశోధనలన్నియు ఒకే మాట చెప్పలేదు.

కాబట్టి ఆకుకూర తిన్న స్త్రీకి రొమ్ము కాన్సరు రాదని పత్రికలలో అప్పుడప్పుడు కనబడు వ్రాతలు శాస్త్రసమ్మతములు కావు. మాత్రలు దండిగా మ్రింగినచో రాదనుట మరింత తొందరపాటు. ఫార్బర్ చూచిన పిల్లల సంగతి మరువరాదు. లోటు ఉన్నచో ప్రాణము పోయును. లోటు లేనిచోట అధికముగా పోసినంతమాత్రమున మేలు జరుగునని నిర్ణయము లేదు. ఈ భేదము మొదట తెలిసినది సుబ్బారావు ప్రయోగశాల పంపిన సీసాలవలననే.

కృష్ణ కాలువ గట్లమీది తోటకూర, పాలకూరలు, పొలములందలి పెసర, మినుములు ఆ పోషకమునకు నిలయములు. ఎక్కువ నీటిలో చాలసేపు ఉడికించి ఆ నీటిని పారబోసినచో అది చాలవరకు నీటివెంటనే పోవును. బడులలో ఉపాధ్యాయులు వారమునకొకమారు బాలబాలికలచే మ్రింగించు ఇనుప మాత్రలో ఇనుమునకు తోడుగా నున్నది ఫోలిక్ ఆమ్లమే. ఆసుపత్రులలో వారమునకొకమారు మెథోట్రెక్సేటు పుచ్చుకొను కీళ్లవాతపు రోగికి, దాని తాపము తగ్గుటకై, వేరొక దినమున ఇచ్చునదియు అదియే.