గీత బయట గురువు – రహీమ్ సాబ్

ఫుట్‌బాల్ ఆటలో కోచ్ చోటు ఎక్కడ? మైదానం గీత బయట, బెంచీ మీద. ఆట మొదలయ్యాక ఆయన ఎంత అరిచినా అవతలి మూల ఆడేవాడికి వినిపించదు. మరి అంత దూరం నుండి జట్టును నడిపించేది ఎలా? ఈ ప్రశ్నకు తన జీవితంతోనే జవాబు చెప్పిన మహనీయుడు మన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు. అందరికీ ఆయన రహీమ్ సాబ్.

1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో జన్మించారు. ఉస్మానియాలో చదివి, బడిపంతులుగా పనిచేశారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు కోచ్ అయ్యారు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. కుడికాలి వాటం ఉన్నవాళ్ళు ఎడమకాలితో ఆడాలని ప్రత్యేకంగా పోటీలు పెట్టేవారు. పంతులు గదా, ముందు పాఠం, తర్వాతే పరీక్ష!

భారత జట్టు కోచ్‌గా 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించారు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మాత్రం యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడిపోయాం. మనవాళ్ళలో చాలామంది వట్టికాళ్ళతో ఆడారు. రహీమ్ సాబ్ కుంగిపోలేదు. నాలుగేళ్ళకు మెల్‌బోర్న్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది.

అసలు పరీక్ష 1962 జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే ఆయనను క్యాన్సర్ తినేస్తున్నది. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓటమి. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీమ్ సాబ్ అతన్ని పక్కన పెట్టలేదు, ముందు వరుసకు పంపారు. సెమీస్‌లో అతను గోల్ కొట్టాడు.

సెప్టెంబర్ 4న ఫైనల్, మళ్ళీ కొరియాతోనే. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను రానివ్వకపోవడాన్ని ఒక భారతీయ అధికారి తప్పుపట్టినందుకు స్థానికులు మనపై కోపంగా ఉన్నారు. దాదాపు లక్షమంది మనకు వ్యతిరేకంగా కేకలు. ఆ హోరులో బెంచీ మీది గురువు మాట ఎవరికి వినబడుతుంది? అయినా ఆయన నేర్పింది వాళ్ళ కాళ్ళలో ఉంది. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. 2–1తో స్వర్ణం మనదైంది. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్ళీ స్వర్ణం రాలేదు.

1963 జూన్ 11న రహీమ్ సాబ్ కన్నుమూశారు.

తమ్ముళ్ళూ! మన పరీక్ష హాలులోకి కూడా సార్లు రారు, గేటు బయటే ఆగిపోతారు. లోపలికి మనతో వచ్చేది రాత్రి స్టడీ అవర్‌లో నేర్చుకున్నదే.