మన్నారుదాసు విజయరాఘవ నాయకుడు

తమిళనాట తిరువారూరు జిల్లాలో మన్నారుగుడి యను చిన్న పట్టణము కలదు. ఆ యూరికి వెళ్లినవారిని మొదట ఆకర్షించునవి రెండు. ఒకటి రాజగోపాలస్వామి ఆలయపు పదునొకండు అంతస్తుల గోపురము. రెండవది హరిద్రానది. పేరునకు నదియైనను అది సుమారు 23 ఎకరముల కోనేరు. దాని నడుమ వేణుగోపాలుని చిన్న గుడి యున్నది. గోపికలు జలక్రీడలాడగా వారి మేని పసుపు నీట కలిసి ఆ పేరు వచ్చెనని స్థలపురాణము చెప్పును.

ఈ ఆలయమును మొదట కట్టించినవాడు మొదటి కులోత్తుంగ చోళుడు (1070–1120). దానిని నేడు మనము చూచు వైభవమునకు తెచ్చినవాడు మాత్రము ఒక తెలుగు రాజు. ఆయనయే తంజావూరు నాయకరాజులలో కడపటివాడైన విజయరాఘవ నాయకుడు. ఈ ఉగాదినాడు ఆయన కథను మన పిల్లలకు చెప్పదలచితిమి.

విజయరాఘవుని తండ్రి రఘునాథ నాయకుడు శూరుడు, కవి, సంగీతవేత్త. అట్టి తండ్రి తరువాత 1634 ప్రాంతమున విజయరాఘవుడు సింహాసనమెక్కెను. ఆయన ఇష్టదైవము మన్నారుగుడి రాజగోపాలుడు. తనను మన్నారుదాసుడని పిలుచుకొనుటయే ఆయనకు గొప్ప బిరుదు. ఆలయమునకు పెద్ద గోపురము, వేయికాళ్ల మండపము, బయటి ప్రాకారము కట్టించెను. స్వామికి రత్నకవచము సమర్పించెను. ఆ గోపురముపై నుండి శ్రీరంగ దర్శనము చేయవలెననియే దానిని అంత ఎత్తున కట్టించెనని ఆ యూరివారు చెప్పుకొందురు.

ఈ రాజు దేవునకు రాతికట్టడములతోపాటు తెలుగు మాటలను గూడ అర్పించెను. తండ్రి చరిత్రను రఘునాథాభ్యుదయముగా రచించెను. ప్రహ్లాద చరిత్రము, పూతనాహరణము మొదలైన యక్షగానములు వ్రాసెను. తమిళుల ఆళ్వారులలో ఒకరైన తొండరడిప్పొడి కథను విప్రనారాయణ చరిత్రమను పేర తెలుగు చేసెను. తాను నిలిచిన నేలయందలి భక్తుని తన భాషలో కొలిచిన రాజాయన. ఆయన కొలువున పసుపులేటి రంగాజమ్మ మన్నారుదాస విలాసము రచించినది. చెంగల్వ కాళకవి రాజగోపాల విలాసమును ఆయనకే అంకితమిచ్చెను. క్షేత్రయ్య ఆ సభలో పదములు పాడెను.

అయితే రాజ్యరక్షణమున ఈయన తండ్రికి సాటి రాలేదు. బ్రాహ్మణులకు అన్నదానము జరిగిన పిదపనే తాను భుజించెడివాడట. భక్తికి లోటు లేదు, దానమునకు లోటు లేదు. సరిహద్దుల కాపుదలకు మాత్రము లోటు కలిగెను. 1658లో నాగపట్టణము పోర్చుగీసువారి చేతినుండి డచ్చివారి చేతికి పోయెను. ఆ రేవు తంజావూరు సీమలోనిదే యైనను, దాని తగవు తేల్చుకొన్నవారు పరదేశులు. మధుర నాయకులతో పాతపగ చల్లారలేదు.

మధుర ప్రభువు చొక్కనాథ నాయకుడు తంజావూరు రాజకుమార్తెను పెండ్లికి కోరెను. విజయరాఘవుడు నిరాకరించెను. 1673లో మధుర సైన్యము కోటను ముట్టడించెను. అప్పటికి రాజు వయోవృద్ధుడు. చెరయందున్న కుమారుని విడిపించి, కోట పగవారి వశమగునెడల అంతఃపురమును మందుగుండుతో పేల్చుమని యాజ్ఞాపించి, తాను కత్తిపట్టి పోరి మడిసెనని తంజావూరి ఆంధ్రరాజుల చరిత్రము తెలుపుచున్నది. కుమారుడును ఆ పోరుననే కూలెను. దీనిని వీరమరణమని పాడుట సులభమే. కాని పురుషుల పంతమునకు ఆ అంతఃపురకాంతలు బలియైరన్న మాటను మేము దాచజాలము.

ఆ మంటలనుండి వంశాంకురమొకటి బయటపడెను. అతని పేరు చెంగమలదాసు. మన్నారుగుడి అమ్మవారు చెంగమలత్తాయారు పేరే అతనికి పెట్టబడెను. రాజ్యము మాత్రము అతనికి నిలువలేదు. కొలది యేండ్లలోనే మహారాష్ట్రుడైన ఏకోజీ తంజావూరును కైకొనెను.

అంతటితో తెలుగు పోయినదా? పోలేదు. ఏకోజీ కుమారుడు శాహజీ (1684–1712) తానే తెలుగున యక్షగానములు రచించెను. నాయకరాజుల నాటి తాళపత్రములు తంజావూరు సరస్వతీ మహలులో మహారాష్ట్ర రాజుల రక్షణలో నిలిచెను. విజయరాఘవుని గోపురమును తరతరములుగా కాపాడుకొన్నవారు మన్నారుగుడి ప్రజలు.

కత్తితో నిలుపుకొనజాలని దానిని ఆ రాజు కలముతోను, కట్టడముతోను నిలుపుకొనెను. దానిని కాపాడినవారు పరాయివారనుకొన్నవారే. పొరుగునాట నాలుగైదు తరములుగా కాపురమున్న మనకు ఇంతకంటె దగ్గరి పాఠము వేరొకటి లేదు. ఈసారి సెలవులలో పిల్లలను మన్నారుగుడికి తీసికొనిపొండు. కోనేటి గట్టున కూర్చుండబెట్టి, ఈ కథను తెలుగులోనే చెప్పుడు.