ఫ్లారెన్సు నైటింగేలు చరిత్రము: సేవయు జీతమును

దీపము చేతబట్టుకొని రాత్రివేళ రోగుల పడకల నడుమ తిరుగుచున్న దొరసాని పటమును చూడని విద్యార్థి మన పాఠశాలలో నుండడు. ఆమె పేరు ఫ్లారెన్సు నైటింగేలు. ఆమె జన్మదినమగు మే 12వ తేదీని 1974వ సంవత్సరము మొదలు అంతర్జాతీయ నర్సుల దినముగా లోకమంతట జరుపుచున్నారు. ఆ దినమున సభలు జరుగును, దీపములు వెలిగింపబడును, నర్సులు దయామయులనియు త్యాగమూర్తులనియు వక్తలు కొనియాడుదురు. మరునాడు ఆ నర్సులలో ననేకులు చాలని జీతముతో, ఇద్దరు చేయవలసిన పనిని ఒక్కరే చేయుచు, మరల వార్డులలో నిలిచియుందురు. సేవ పుణ్యకార్యము గనుక సేవ చేయువారు జీతము మాట యెత్తరాదని తలంచువారు మనలోను కలరు. అట్టివారు నైటింగేలు పేరునే సాక్ష్యముగా చూపుదురు. కాని ఆమె చరిత్రమును శ్రద్ధగా చదివినచో సంగతి వేరుగా కనబడును. దానినే మేమిచ్చట సంగ్రహముగా వ్రాయదలచితిమి.

ఫ్లారెన్సు 1820వ సంవత్సరము మే 12వ తేదీన ఇటలీ దేశమందలి ఫ్లారెన్సు నగరమున జన్మించెను. ఆ నగరము పేరే ఆమెకు పెట్టబడెను. తలిదండ్రులు ఆంగ్లేయులు, మిక్కిలి ధనవంతులు. తండ్రి విలియము నైటింగేలు తానే గురువై ఆమెకు గ్రీకు, లాటిను భాషలను, చరిత్రమును, తత్త్వశాస్త్రమును నేర్పెను. గణితమనిన ఆమెకు చిన్ననాటినుండియు మిక్కిలి ప్రీతి. 1837లో, పదునారేండ్ల ప్రాయమున, దేవుడు తన్ను తన సేవకు పిలిచెనని ఆమె నమ్మెను. ఆ సేవ రోగుల పరిచర్యయే యని తెలిసికొనుటకు మరికొన్ని యేండ్లు పట్టెను. 1845లో సాలిస్‌బరీ పట్టణపు ఆసుపత్రిలో పని నేర్చుకొందునని ఆమె యడుగగా ఇంటివారు భయపడి అడ్డగించిరి.

వారి భయము కేవలము ధనికుల గర్వమని చెప్పజాలము. ఆ కాలమున ఇంగ్లండులో నర్సుపని యనిన పరువుగల కుటుంబములవారు చెవులు మూసికొనెడివారు. నర్సులకు శిక్షణ యనునది లేదు. కొన్ని ఆసుపత్రులలో వారు వార్డు గుమ్మముల వెలుపల, మెట్ల మలుపుల యొద్ద, కొయ్యబోనుల వంటి గూళ్లలో నిద్రించెడివారు. ఆ గూళ్లలోనికి వెలుతురు గాని గాలి గాని వచ్చెడిది కాదు. రాత్రియంతయు మేలుకొని పగలు పండుకొనవలసిన నర్సుకు ఆ రాకపోకల సందడిలో కన్ను మూతపడుటయే దుర్లభము. లండను ఆసుపత్రులలో వారి జీతము సాధారణముగా వారమునకు 7 మొదలు 10 షిల్లింగులు. బ్రదుకు భారమై, అలసట మరచుటకు అనేకులు సారాయి మరగిరి. లోకము వారి త్రాగుడును చూచి నిందించెనే గాని, వారు నిద్రించు బోనును చూచి సిగ్గుపడలేదు. ఫ్లారెన్సు ఆ బోనును గూర్చి వ్రాసి లోకమునకు తెలిపెను.

ఇంటివారి యడ్డంకులు తొలగుటకు చాలకాలము పట్టెను. 1850లోను 1851లోను ఆమె జర్మనీ దేశమందలి కైజర్స్‌వెర్తు అను చోటికి పోయి, అచ్చటి క్రైస్తవ సేవికల ఆసుపత్రిని చూచి, రెండవ పర్యాయము మూడు మాసములు పని నేర్చుకొనెను. 1853లో లండనులోని హార్లీ వీధియందు, రోగపీడితలైన కులస్త్రీల కొరకైన యొక చిన్న వైద్యశాలకు అధికారిణి యయ్యెను. ఈ పనికి ఆమె జీతము పుచ్చుకొనలేదు. కాని చదువరులు ఒక్క సంగతి మరువరాదు. తండ్రి ఆమెకు ఏటేట 500 పౌండ్లు ఇచ్చుచుండెను. జీతము విడిచిపెట్టు సౌకర్యము తనకు గలదనియు, తన క్రింద పనిచేయువారికి లేదనియు ఆమె చక్కగా ఎరుగును.

ఆ వైద్యశాలలో ఆమె మొదట కోరినవేమి? వేడినీరు గొట్టముల ద్వారా ప్రతి అంతస్తునకు రావలెననియు, రోగుల భోజనము క్రిందినుండి పైకి చేర్చుటకు ఒక యంత్రముండవలెననియు, ఏ రోగి గంట మ్రోగించెనో నర్సుకు తెలియునట్లు ఏర్పాటు చేయవలెననియు కోరెను. నర్సు దినమంతయు మెట్లెక్కుచు దిగుచు నుండినచో రోగి యొద్ద నిలుచుటకు సమయమెక్కడిది? పనివారికి సౌకర్యము కలిగించుట రోగికి మేలు చేయుటయే యని ఆమె ఆనాడే గ్రహించెను.

1854లో క్రిమియా యుద్ధము జరుగుచుండగా, గాయపడిన సైనికులు దిక్కులేక చచ్చుచున్నారని పత్రికలు ఘోషించెను. యుద్ధమంత్రులలో నొకరైన సిడ్నీ హెర్బర్టుగారు ఫ్లారెన్సును పంప నిశ్చయించిరి. అక్టోబరు 21వ తేదీన ఆమె 38 మంది స్త్రీలతో లండను నుండి బయలుదేరెను. వారిలో 24 మంది మతసంస్థలకు చెందినవారు. తక్కిన 14 మంది ఆసుపత్రులలో జీతమునకు పనిచేసినవారు. వీరితో చేసికొన్న ఒడంబడిక గమనింపదగినది. భోజనము, వసతి, దుస్తులు గాక వారమునకు 12 మొదలు 14 షిల్లింగులు. మూడు మాసములు చక్కగా పనిచేసినచో 16 మొదలు 18. ఏడాది గడచినచో 18 మొదలు 20. లండనులో దొరకు జీతముకంటె ఇది ఎంతయో ఎక్కువ. అనుభవము పెరిగినకొలది జీతమును పెరుగవలెనను నియమము దీనియందు కలదు.

నవంబరు 4వ తేదీన వారు టర్కీ దేశమందలి స్కుటారి చేరిరి. అచ్చట సైనికుల బారకులే ఆసుపత్రిగా మార్చబడియుండెను. మురుగుకాలువలు పూడి క్రిందనుండి దుర్గంధము లేచుచుండెను. 1855 ఫిబ్రవరిలో ఆసుపత్రి చేరినవారిలో నూటికి 42 మంది మరణించిరి. జూను నాటికి ఆ సంఖ్య నూటికి 2కు దిగెను. ఇది దీపము చేసిన మహిమ యని కథలలో చెప్పుదురు. నిజమేమనగా, మార్చిలో ఇంగ్లండు నుండి వచ్చిన పారిశుద్ధ్య సంఘమువారు కాలువలను బాగుచేసి, నీటిని శుభ్రపరచి, గాలి వచ్చు మార్గము లేర్పరచిరి. నర్సులు ఎంత కష్టించినను, పనిచేయు చోటు విషమైయున్నంతవరకు వారి కష్టము ఫలింపలేదు. ఫ్లారెన్సు ఇంగ్లండుకు మరలివచ్చి లెక్కలు వేసి ఈ సత్యమును తానే ఒప్పుకొని, ఇతరులచేత ఒప్పించెను. ఆమె సంఖ్యాశాస్త్ర ప్రజ్ఞను మెచ్చి 1858లో లండను సంఖ్యాశాస్త్ర సంఘమువారు ఆమెను సభ్యురాలిగా చేర్చుకొనిరి. ఆ గౌరవము పొందిన స్త్రీలలో ఆమెయే ప్రథమురాలు.

ప్రజలు కృతజ్ఞతతో 44,000 పౌండ్లకు పైగా నిధి సమకూర్చి ఆమె కర్పించిరి. ఆ ధనముతో 1860లో లండనులోని సెయింటు తామసు ఆసుపత్రి యందు నర్సుల శిక్షణ పాఠశాల తెరువబడెను. మొదటి తరగతిలో 15 మంది చేరిరి. ప్రతి విద్యార్థినికి ప్రత్యేకముగా నొక గది, అందరికి కలిసి కూర్చుండుటకు ఒక చావడి, భోజనము, దుస్తులు, చాకలి ఖర్చు, ఇవిగాక సొంత వ్యయమునకు ఏడాదికి 10 పౌండ్లు ఇయ్యబడెను. కొయ్యబోను పోయి గది వచ్చెను. తలుపు మూసికొని నిద్రించుటకు తగిన గదియే లోకమునకు నర్సుపై గౌరవము కలుగుటకు తొలిమెట్టని మేము తలంచుచున్నాము.

తరువాత ఆమె మరొక లెక్క వేసెను. లండనులోని 15 ఆసుపత్రులలో పనిచేయు నర్సుల మరణములను లెక్కించి, నగరములోని ఇతర స్త్రీలకంటె వారు ఎక్కువగా చనిపోవుచున్నారనియు, అందులో అంటురోగములచేత చనిపోవువారే అనేకులనియు 1863లో ప్రచురించిన తన ఆసుపత్రుల గ్రంథమున చూపెను. రోగులను కాపాడువారిని కాపాడువారెవరను ప్రశ్న ఆ అంకెలలో నున్నది.

ధర్మాసుపత్రులకంటె హీనమైన స్థితిలో నుండినవి ప్రభుత్వపు పన్నులతో నడచు బీదల ఆసుపత్రులు. పూట గడవని బీదలను చేర్చుకొని, పనిచేయించుచు అన్నము పెట్టు ఇండ్లకు వర్కుహౌసులని పేరు. అచ్చటి రోగులకు అచ్చటి బీదస్త్రీలే జీతము లేక పరిచర్య చేసెడివారు. లివర్పూలు నగరములో విలియము రాత్‌బోను అను వర్తకుడు ఈ దుస్థితిని చూచి, శిక్షణ పొందిన నర్సులను పంపుమని ఫ్లారెన్సును వేడి, మూడేండ్ల వ్యయమును తానే భరింతుననెను. 1865లో ఆగ్నెసు జోన్సు అను ఐరిషు కుటుంబపు యువతి 12 మంది నర్సులతో అచ్చటికి పోయెను. వెయ్యికి పైగా రోగులు, కొద్దిమంది చేతులు. ఆమె విశ్రాంతి యెరుగక పనిచేసి, 1868 ఫిబ్రవరి 19వ తేదీన, 35 ఏండ్ల ప్రాయమున, టైఫసు జ్వరముచే మరణించెను. ఫ్లారెన్సు ఆమెను గూర్చి కన్నీటితో వ్రాసెను. కాని అంతటితో నూరకుండలేదు. బీదల ఆసుపత్రులకు శిక్షణ పొందిన నర్సులను జీతమిచ్చి నియమింపవలెననియు, ఆ వ్యయము సర్కారు భరింపవలెననియు మంత్రులకు జాబులు వ్రాయుచునే యుండెను. 1867లో లండను బీదల ఆసుపత్రులను గూర్చి పార్లమెంటు చేసిన చట్టమునకు ఆమె కృషియు ఒక కారణము.

ఆమె మన దేశమునకు ఎన్నడును రాలేదు. అయినను ఇచ్చటి సైనికుల, గ్రామవాసుల ఆరోగ్యమును గూర్చి అనేక సంవత్సరములు పాటుపడెను. మన గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థరు కాటను దొరగారి పక్షము వహించి, కాలువలు త్రవ్వించుట క్షామమును ఆపుటకు మార్గమని వాదించెను. ఆసుపత్రియందైనను పొలమందైనను ఆమె బోధ ఒక్కటే: ముందుగా ధనముతో చెల్లింపనిది తరువాత ప్రాణములతో చెల్లింపవలసియుండును.

ఆమెయందు లోపములు లేవని చెప్పము. నర్సుల విధేయతను గూర్చి ఆమె కఠినురాలు. 1887లో ఎథెలు బెడ్‌ఫర్డు ఫెన్విక్కు అను ఆమె నర్సుల సంఘమును స్థాపించి, వైద్యులవలె నర్సుల పేర్లను కూడ పట్టికలో నెక్కింపవలెనని కోరగా, నర్సు గుణము పరీక్షలకు అందదని ఫ్లారెన్సు ఎదిరించెను. 1919లో పార్లమెంటు ఆ చట్టమును చేసెను. కాలము ఫెన్విక్కు పక్షముననే తీర్పు చెప్పెను.

క్రిమియాలో తగిలిన జ్వరము ఫ్లారెన్సును విడువక, ఆమె జీవితములో అధికభాగము పడకపైననే గడచెను. ఆ పడక నుండియే ఆమె ఉత్తరములతో రాజ్యమును కదలించెను. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ అను బిరుదు పొందిన మొదటి స్త్రీ యయ్యెను. 1910 ఆగస్టు 13వ తేదీన, 90 ఏండ్ల ప్రాయమున కన్నుమూసెను. వెస్టుమినిస్టరు దేవాలయమున సమాధి చేయుటకు అవకాశ మొసగబడినను బంధువులు ఒప్పుకొనక, ఈస్టు వెల్లో గ్రామమున నిరాడంబరముగా పాతిపెట్టిరి.

ఆమె పాఠశాల నెలకొన్న సెయింటు తామసు ఆసుపత్రి 1871 నుండి థేమ్సు నదికి ఇవతలి గట్టున, పార్లమెంటు భవనమున కెదురుగా నున్నది. 2022 డిసెంబరు 15వ తేదీన ఆ ఆసుపత్రి ద్వారము ముందే నర్సులు పలకలు పట్టుకొని నిలిచిరి. 1948లో ఏర్పడిన బ్రిటను ప్రభుత్వ వైద్యశాఖలో పనిచేయు నర్సులు వారు. ధరలు పెరిగిన రీతిని జీతము పెరుగలేదనియు, ఇంగ్లండులో దాదాపు 47,000 నర్సు ఉద్యోగములు ఖాళీగా నుండగా ఉన్నవారిపై భారము పడుచున్నదనియు వారి మొర. 1916లో స్థాపింపబడిన వారి రాయలు కాలేజీ అంతకుముందు 2019లో ఉత్తర ఐర్లండునందు తప్ప ఎన్నడును సమ్మె చేసినది కాదు. సమ్మెనాడును ప్రాణాపాయమందున్న రోగులను వారు విడువలేదు. రోగిని ప్రేమించువారు వీధికెక్కవచ్చునా యని కొందరు ప్రశ్నించిరి. వారిని వీధికెక్కించిన కారణమేమని ప్రశ్నించుట న్యాయమని మాకు తోచుచున్నది.

ఈ పాఠశాల విద్యార్థులలో నర్సు శిక్షణకు పోవదలచువారు కలరు. బాలికలేకాక బాలురును ఈ వృత్తిలో ప్రవేశించుచున్నారు. వారితో మేము చెప్పునది యేమనగా: రోగి యెడల దయను జీతముతో కొలువకుడు, ఎవరైనను దయ పేరు చెప్పి మీ జీతమును తగ్గింపవచ్చినచో ఒప్పుకొనకుడు. తలిదండ్రులకును ఒక్క మనవి. ఆసుపత్రిలో మీ బిడ్డ పడకయొద్ద నిలిచిన నర్సును దేవతయని పొగడుట సులభము. ఆమె ఎన్ని గంటలనుండి నిలిచియున్నదో, ఎందరు రోగులను ఒక్కతెయే చూచుచున్నదో, నెలాఖరున ఆమె చేతికి వచ్చునదెంతయో అడిగి తెలిసికొనుడు. నైటింగేలు దీపముతో తిరుగుటయేకాక లెక్కలును అడిగెను. ఆమెను గౌరవింపగోరువారు ఆ రెండవ పనిని కూడ చేయవలెను.