పావులూరి మల్లన

తెలుగులో తొలి గణిత గ్రంథకర్తగా ప్రసిద్ధుడైన పావులూరి మల్లన 11వ శతాబ్దికి చెందిన కవి. ఇతడు కమ్మనాటిలోని పావులూరి ప్రభువు. 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చాడు.

చదరంగపు తొలి గడిలో ఒకటి, మలి గడిలో రెండు, ఆపై నాలుగు చొప్పున 64 గడులకూ రెట్టిస్తూ పోతే వచ్చే మొత్తం 18446744073709551615. ఇరవై అంకెల ఈ సంఖ్యను మల్లన ఒక్క పద్యంలో నిక్షేపించాడు. శరమంటే ఐదు, శశి అంటే ఒకటి. ఇలా ఒకట్ల స్థానం నుండి పదాలే అంకెలై వరుసగా నిలుస్తాయి. తాటాకు ప్రతిలో ఒక్క అంకె జారినా లెక్క చెడుతుంది. పద్యంలో పదం జారితే ఛందస్సే ఆ లోపాన్ని పట్టి ఇస్తుంది. అందుకే శతాబ్దాలు గడిచినా ఆ సంఖ్య చెక్కుచెదరలేదు. శాస్త్రానికీ తెలుగు చాలునని నిరూపించిన మల్లన చిరస్మరణీయుడు.