ఆంటోనియో స్ట్రాడివారి

ఆంటోనియో స్ట్రాడివారి (సుమారు 1644 - డిసెంబర్ 18, 1737) ఇటలీ దేశంలోని క్రెమోనా పట్టణానికి చెందిన సుప్రసిద్ధ వాయులీన నిర్మాత. వాయులీనాలతో పాటు వయోలాలు, చెల్లోలు, కొన్ని గిటార్లు, మాండలిన్లు కూడా ఈయన తయారు చేశాడు. ఈయన పేరుకు లాటిన్ రూపమైన స్ట్రాడివారియస్ అనే పదం ఆ వాద్యాలకే పేరుగా స్థిరపడింది. ఈయన మొత్తం సుమారు 1,100 వాద్యాలు నిర్మించి ఉంటాడని అంచనా. వాటిలో దాదాపు 650 నేటికీ మిగిలి ఉన్నాయి.

జీవితం

స్ట్రాడివారి జనన వివరాలు తెలిపే పత్రమేదీ లభించలేదు. వృద్ధాప్యంలో తయారు చేసిన కొన్ని వాద్యాల లోపలి చీటీలపై ఈయన తన వయసును కూడా వ్రాశాడు. వాటిని బట్టి 1644 ప్రాంతంలో జన్మించి ఉంటాడని చరిత్రకారులు భావిస్తున్నారు. 1666 నాటి ఒక చీటీలో తాను నికోలో అమాటి శిష్యుడినని పేర్కొన్నాడు. అయితే దీనికి వేరే ఆధారం లేనందున కొందరు పరిశోధకులు ఈ విషయాన్ని సందేహిస్తారు.

1667లో ఫ్రాన్సెస్కా ఫెరబోస్కిని వివాహమాడాడు. 1680లో శాన్ డొమెనికో చర్చి ఎదుట ఇల్లు కొని, జీవితాంతం అక్కడే పని చేశాడు. 1698లో భార్య మరణించగా, మరుసటి సంవత్సరం ఆంటోనియా జాంబెల్లిని పెండ్లాడాడు. మొదటి భార్య కుమారులైన ఫ్రాన్సెస్కో, ఒమొబోనో తండ్రి వద్దనే పని నేర్చి, ఆయనకు తోడుగా ఉన్నారు.

1684లో అమాటి మరణించిన తరువాత క్రెమోనాలో స్ట్రాడివారి ప్రాముఖ్యత పెరిగింది. 1690లో ఫ్లారెన్సు పాలకులైన మెడిచి వంశీయుల కొరకు వాద్యాలు నిర్మించాడు. ఆ దశాబ్దంలో కాస్త పొడవైన, సన్నని ఆకృతిని ప్రయత్నించాడు. 1700 నుండి 1725 వరకు గల కాలాన్ని ఈయన స్వర్ణయుగంగా పరిగణిస్తారు. 1716లో తయారైన మెస్సయ్య అనే వాయులీనం ప్రస్తుతం ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్‌మోలియన్ మ్యూజియంలో ఉంది.

పక్క బద్దలను వంచే పద్ధతి

వాయులీనపు పై పలకను, వెనుక పలకను చెక్కి తయారు చేస్తారు. పక్కలను మాత్రం వంచవలసిందే. క్రెమోనా సంప్రదాయంలో ఈ పని లోపలి అచ్చుతో మొదలవుతుంది. అచ్చుకు పైన, క్రింద, నాలుగు మూలల వద్ద మొత్తం ఆరు చిన్న దిమ్మలను తాత్కాలికంగా అతికిస్తారు. మేపుల్ కలపను దాదాపు ఒక మిల్లీమీటరు మందం వచ్చే వరకు చిత్రిక పట్టి, సుమారు మూడు సెంటీమీటర్ల వెడల్పు గల బద్దలుగా కోస్తారు.

బద్దను కొద్దిగా తడిపి, వేడి చేసిన ఇనుముకు ఆనించి నెమ్మదిగా వంచుతారు. కలపలోని నారను పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం వేడికి, తేమకు మెత్తబడుతుంది. చల్లారిన తరువాత గట్టిపడి, వచ్చిన వంపును నిలుపుతుంది. వేడి చాలకపోతే బద్ద విరుగుతుంది, ఎక్కువైతే మాడుతుంది. అందమైన అడ్డచారలు గల మేపుల్‌లో నార అలలుగా సాగుతుంది కనుక, వంచేటప్పుడు ఆ చారల వద్దనే విరిగే ప్రమాదం ఎక్కువ. బిగువైన వంపులు గల నడుము బద్దలను ముందుగా అమర్చి, తరువాత పై, క్రింది బద్దలను అతికిస్తారు. జిగురు దిమ్మలకే గాని అచ్చుకు తగలకూడదు. బద్దల లోపలి అంచులకు సన్నని విల్లో పట్టీలను చేర్చి బలపరుస్తారు. చివరకు అచ్చును బయటకు తీసి, మరొక వాద్యానికి వాడుకుంటారు.

మరణం, అనంతరం

స్ట్రాడివారి తొంభై ఏళ్ళు దాటిన తరువాత కూడా పని మానలేదు. 1737లో క్రెమోనాలో మరణించాడు. 1742లో ఒమొబోనో, 1743లో ఫ్రాన్సెస్కో మరణించడంతో తండ్రి నుండి కొడుకులకు అందిన ఆ పనితనం ఆరేళ్ళలోనే ఆగిపోయింది. ఈయనను సమాధి చేసిన శాన్ డొమెనికో చర్చిని 19వ శతాబ్దంలో కూల్చివేశారు.

అచ్చులు, పనిముట్లు మాత్రం నిలిచాయి. 1775-76 కాలంలో కోజియో ప్రభువు వీటిని స్ట్రాడివారి కుటుంబం నుండి కొన్నాడు. 1920లో జుసెప్పె ఫియోరిని అనే వాయులీన నిర్మాత వీటిని సంపాదించి, 1930లో క్రెమోనా నగరానికి దానం చేశాడు. ప్రస్తుతం ఇవి అక్కడి వాయులీన మ్యూజియంలో ఉన్నాయి. ఈయన పని విధానాన్ని తెలుసుకోవడానికి ఇవే ముఖ్యమైన ఆధారాలు.

రహస్యం గురించిన వాదాలు

ఈ వాద్యాల నాదానికి ఏదో రహస్యమైన వార్నిష్ కారణమని చాలాకాలం నమ్మేవారు. 2009లో వెలువడిన ఒక ఫ్రెంచి పరిశోధన, ఆ వార్నిష్‌లో నూనె, చెట్ల బంక, రంగులు వంటి సాధారణ పదార్థాలే ఉన్నాయని తేల్చింది. 2012, 2014 సంవత్సరాలలో ప్రచురితమైన పరీక్షలలో, ఏది పాతదో ఏది కొత్తదో తెలియకుండా వాయించిన విద్వాంసులలో ఎక్కువ మంది కొత్త వాద్యాలనే మెచ్చారు. అయినా వీటి విలువ తగ్గలేదు. 1721 నాటి లేడీ బ్లంట్ వాయులీనం 2011లో సుమారు 1.59 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది.

తెలుగు వారికి తెలిసిన వాద్యాలతో పోలిక

బొబ్బిలి వీణను ఒకే పనస మొద్దు నుండి తొలిచి చేస్తారు కనుక, అందులో పక్కలను వంచే పని ఉండదు. వాయులీనం ఇందుకు భిన్నంగా పలుచని బద్దల బలంపై నిలుస్తుంది. 18వ, 19వ శతాబ్దాల సంధికాలంలో బాలుస్వామి దీక్షితులు కర్ణాటక సంగీతంలోకి తెచ్చిన వాయులీనం, విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడు (1893 - 1964) వాయించి, బోధించిన వాయులీనం నిర్మాణంలో ఈ ఇటలీ సంప్రదాయానికి చెందినవే. కూర్చునే తీరు, శ్రుతి మారాయి గాని, వంచిన పక్కలు గల ఆ పెట్టె మారలేదు.