నిఘంటువు చీటీల నడుమ: జయంతి రామయ్య పంతులుగారు

కోటిపల్లి రేవున పంటు ఎక్కి గౌతమిని దాటినచో ఆవలి గట్టు ముక్తేశ్వరము. క్షణముక్తేశ్వరస్వామి ఆలయమును బట్టి భక్తులకును, అయినవిల్లి వినాయకుని దర్శనమునకు పోవు దారి యగుటచే తక్కినవారికిని ఈ గ్రామము సుపరిచితమే. సూర్యరాయాంధ్ర నిఘంటువును దినదినమును తిరుగవేయు తెలుగు ఉపాధ్యాయులలో మాత్రము దాని సంపాదకుడు ఈ కోనసీమ బిడ్డయే యని ఎరిగినవారు కొలదిమంది. జయంతి రామయ్య పంతులుగారు 1860 లో ఈ ముక్తేశ్వరమున జన్మించిరి.

రాజమహేంద్రవరమున ఉన్నతవిద్య ముగించి, కొంతకాలము ఉపాధ్యాయులుగా నుండి, పిదప ప్రభుత్వోద్యోగమున చేరి డిప్యూటీ కలెక్టరు పదవి నలంకరించిరి. ఆ యుద్యోగ చరిత్రతో మనకిచట పనిలేదు. ఒక్క విషయము మాత్రము చెప్పదగియున్నది. రెవెన్యూ కచేరీలో ఏ కాగితము ఏ కట్టలో నుండవలెనో ఆ కట్టలోనే యుండవలెను; తప్పినచో ఒక రైతు భూమి మరియొకరి పేర పడును. ఈ క్రమశిక్షణయే తరువాత పంతులుగారికి సాహిత్యమున నక్కరకు వచ్చెనని నా యూహ. శాసనపరిశోధనమందును వారిది ఇదే పద్ధతి. శిలలపై చెదరియున్న తెలుగు పద్యములను ఏరి కూర్చిన శాసనపద్యమంజరి అందులకు సాక్ష్యము.

1911 లో వారి పూనికచే చెన్నపట్టణమున ఆంధ్ర సాహిత్య పరిషత్తు వెలసెను. ఆ పరిషత్తు తలపెట్టిన కార్యములలో మహానిఘంటు నిర్మాణము ముఖ్యమైనది. పిఠాపురము మహారాజు శ్రీ రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు బహదూరువారు దానికి పోషకులైరి. నిఘంటువునకు వారి పేరే నిలిచినది. అంతకుముందు తెలుగునకు నిఘంటువులు లేకపోలేదు. బ్రౌను దొరగారి నిఘంటువు 1852 నాటిది. బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము 1885 లో వెలువడినది. కాని ఆదికవి నాటినుండి వచ్చిన కావ్యసంపద నంతయు గాలించి, పదమునకు అర్థభేదములను, ఆ యర్థములకు కవిప్రయోగములను చూపు బృహత్కోశము అప్పటికి లేదు.

ఇట్టి గ్రంథము వ్రాయుటలోని చిక్కు విద్యార్థులు గ్రహింపదగినది. భారతము కథాక్రమమున నడచును. నిఘంటువు అక్షరక్రమమున నడువవలెను. పండితుడు సభాపర్వము చదువుచుండగా ఒక పుటలో అకారాది పదమును, దాని ప్రక్కనే హకారాది పదమును ఎదురగును. వానిని ఒకే పుస్తకమున వరుసగా వ్రాసికొనినచో ఆ పుస్తకము మరల ఒక చిక్కుముడియే. కావున ఒక్కొక్క చీటీపై ఒక్కొక్క పదము. దానితోపాటు ప్రయోగము, గ్రంథనామము, పర్వమో ఆశ్వాసమో, పద్యసంఖ్య. ప్రయోగసహితమైన కోశము ఏ భాషలోనైనను ఇట్లే పుట్టవలెను. అడుగు అను పదమునే చూడుడు. పాదమని ఒక అర్థము, కొలత యని ఒకటి, క్రింది భాగమని మరియొకటి, ప్రశ్నించు టనునది క్రియ. వేర్వేరు కవులనుండి వచ్చిన చీటీలను పరచి, ఏది ఏ యర్థమునకు చెందునో విడదీసి, ఏ ప్రయోగము నిలువవలెనో, ఏది తొలగవలెనో నిర్ణయింపవలెను. అరసున్నగల ఏఁడు సంవత్సరము. అరసున్న లేని ఏడు ఒక సంఖ్య. సాధురేఫముతో అరుగు టనగా పోవుట. శకటరేఫముతో అఱుగు టనగా జీర్ణమగుట. ఈ జంటలలో ఏది ముందు, ఏది వెనుక? మొదటి సంపుటమున ఒక నియమము, మూడవదానిలో వేరొక నియమము పాటించినచో గ్రంథమంతయు చెడును. అచ్చుపడిన పిమ్మట దిద్దుటకు వీలులేదు.

ఆంగ్లేయులకును ఈ శ్రమ తప్పలేదు. 1879 లో ఆక్స్‌ఫర్డు నిఘంటువు సంపాదకత్వము స్వీకరించిన జేమ్స్ మరే పండితుడు తోటలో ఇనుపరేకుల పాక వేయించి, గోడలకు గూళ్ళమర్చి, లక్షల చీటీలను వానిలో సర్దెను. పూర్వ సంపాదకుని నుండి సంక్రమించిన చీటీలలో ఒక యక్షరపు భాగము ఐర్లాండులోని గుఱ్ఱపుసాలలో చిక్కెనట. అప్పటికే కొన్ని పొయ్యి రాజేయుటకు పోయినవి! మరే 1915 లో మరణించెను. నిఘంటువు 1928 లో గాని ముగియలేదు.

నేడు దీర్ఘగ్రంథము వ్రాయువారికి కంప్యూటరు తోడున్నది. 2007 లో వెలువడిన స్క్రివెనర్ వంటి సాఫ్ట్‌వేరులలో గ్రంథమును ముక్కలుగా విడదీసి, ఒక్కొక్క ముక్కను ఒక చీటీగా తెరపై చూచుకొని, వేలి కదలికతో వెనుకది ముందునకు, ముందుది వెనుకకు జరుపవచ్చును. ఆ తెరపై గనబడు బొమ్మ సాక్షాత్తు సూదులు గ్రుచ్చిన చీటీల పలకయే! పంతులుగారి పండితులకు నెలలు పట్టిన పని నిమిషములలో ముగియును. అయినను ఏఁడు ముందా, ఏడు ముందా యను ప్రశ్నకు యంత్రము తనంత తాను బదులు చెప్పదు. ఏ మాటకు అసలు చీటీ వ్రాయవలెను అను ప్రశ్నకు మొదలే చెప్పదు.

పంతులుగారి జీవితమున తీవ్రమైన వివాదము ఈ రెండవ ప్రశ్న చుట్టే తిరిగినది. గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారికమునకు అండగా నిలువగా, రామయ్య పంతులుగారు గ్రాంథికపక్షమునకు నాయకులైరి. 1913 లో ఆంగ్లమున గ్రాంథిక సమర్థన గ్రంథమును ప్రకటించిరి. ఆ నిశ్చయమే నిఘంటువునకు జల్లెడ యయ్యెను. కావ్యమున ప్రయోగమున్న మాటకు ద్వారము తెరచియుండెను. జనుల నోట నున్నదన్న మాత్రమున వచ్చిన మాటకు ప్రవేశము దుర్లభమాయెను. కోనసీమ రైతు కొబ్బరికాయలు దించు పనిని దింపు అనును, పీచు తీయు పనిని ఒలుపు అనును. దించుట, ఒలుచుట కవులెరిగినవే. కాని తోటలో ఆ పనులకు పెట్టిన పేర్లకు సాక్ష్యము చెప్పు కవి ఎవరు? పంతులుగారు పుట్టిన యూరి తోటలలో ఆ మాటలు వినబడుచునే యున్నవి. వారి పక్షమున నొక న్యాయము లేకపోలేదు: హద్దులేని కోశము ముగియదు, సాక్ష్యము లేని యర్థము నిలువదు. అయినను హద్దు గీచిన చోటు సరియైనదని నేననజాలను. కావ్యములు ఎచటికిని పోవు; వాటిని మరల చదువవచ్చును. ఒక తరము రైతులతో పోయిన మాటను ఏ తాళపత్రమున వెదకుదుము? ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షమున భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఊరూరి వ్యవసాయపదములను సేకరింపించి మాండలిక వృత్తిపదకోశము తొలి సంపుటమును ప్రకటించునప్పటికి 1962 వచ్చినది.

సూర్యరాయాంధ్ర నిఘంటువు ప్రథమ సంపుటము 1936 లో వెలువడెను. పరిషత్తు పుట్టి అప్పటికి పాతికేండ్లు; పంతులుగారికి డెబ్బదియారేండ్లు. అయిదేండ్లకు, 1941 లో, వారు కన్నుమూసిరి. అక్షరమాలలో దాటవలసిన దూరమింకను చాల మిగిలియుండెను. తరువాతి పండితులు పని నడపిరి. చివరి సంపుటములను సాహిత్య అకాడమీ అచ్చువేయించెను. మొత్తము ఎనిమిది సంపుటములైనవి. మద్రాసు రాజధానిలోని తెలుగు శాసనములను వారు పరిష్కరించిన దక్షిణభారత శాసన సంపుటము, పదవది, 1948 లో వారి మరణానంతరమే వెలుగుచూచెను. కాకినాడకు తరలివచ్చిన పరిషత్తు సేకరించిన తాళపత్రములు నేడు అచటి ప్రభుత్వ ప్రదర్శనశాలలో నున్నవి. కోనసీమ పాఠశాలలనుండి విహారయాత్రకు కాకినాడ పోవు విద్యార్థులు సముద్రతీరమునకు ముందు ఒక గంట అచట గడపవచ్చును.